వంటింటి కెమిస్ట్రీ: మన బోరు నీళ్లు డిష్‌వాషర్‌కి పడేదెట్లా?

ఈసారి ఉత్తరాలన్నీ ఒక్క దగ్గరికే వచ్చి ఆగాయి. డిష్‌వాషర్, దాంట్లోంచి తెల్లగా బయటికొస్తున్న గిన్నెలు. కడప, అనంతపురం, కర్నూలు, ఏ వైపు నుంచి చూసినా అదే గోడు. బోకులు తోమే మనిషి దొరక్క కొన్నవాళ్లు కొందరు. పిల్లలు అమెరికా నుంచి ఆర్డరు పెట్టేస్తే ఇంట్లో దిగిన మిషన్లు కొన్ని. సరే, ఈ సంచిక మొత్తం దానికే ఇచ్చేద్దాం. దోసెపిండి పులియడం లేదని రాసినవాళ్లు వచ్చే నెల దాకా ఓపిక పట్టండి.

ప్రశ్న: మేడమ్, దసరా ఆఫర్లో డిష్‌వాషర్ కొన్నాం. మొదట్లో గిన్నెలు తళతళా వచ్చేవి. ఇప్పుడు స్టీలు ప్లేట్లు, గాజు గ్లాసులు అన్నిటికీ తెల్లటి పొర. గోరుతో గీకితే పొడి రాలుతోంది. పౌడర్ రెండింతలు వేసి చూశాను, ఇంకా ఎక్కువైంది. షాపులో అడిగితే ‘ఆల్ ఇన్ వన్ టాబ్లెట్ వాడండి, ఉప్పు అక్కర్లేదు’ అన్నారు. మా అత్త మాత్రం ‘చేత్తో తోముకుంటే పోయేదానికి అంత డబ్బు పోసినారు’ అని రోజూ ఒక మాట. మాది బోరు నీళ్లు. ఏం చేయమంటారు?
– ఒక గృహిణి, ఎర్రగుంట్ల

జవాబు: ఊరి పేరు చూడగానే సగం జవాబు దొరికిందమ్మా. మీ చుట్టూ సిమెంటు ఫ్యాక్టరీలు ఊరికే రాలేదు. మీ కాళ్ల కింద ఉన్నది సున్నపురాయి. వాన నీళ్లు మట్టిలోకి ఇంకేటప్పుడు అక్కడి కార్బన్ డయాక్సైడ్‌ను కలుపుకుని కాస్త పులుపెక్కుతాయి. ఆ నీళ్లు సున్నపురాయిని కొంచెం కొంచెం కరిగించుకుంటూ కిందికి దిగుతాయి. మీ మోటరు పైకి తోడేది ఆ కరిగిన రాయిని కూడా. బిందెలో చూస్తే తేటగానే కనిపిస్తాయి, ఎందుకంటే సున్నం బైకార్బొనేట్‌గా మారి నీళ్లలో కలిసిపోయి ఉంటుంది. వేడి తగిలిందా, కార్బన్ డయాక్సైడ్ ఎగిరిపోతుంది, సున్నం మళ్లీ రాయై దొరికిన చోట అతుక్కుంటుంది. గీజర్ కాయిల్‌కి పట్టే గార అదే. డిష్‌వాషర్ ప్రోగ్రాముల్లో నీళ్లు 50 నుంచి 70 డిగ్రీల దాకా కాగుతాయి కాబట్టి అక్కడ అది మీ ప్లేట్లకు పడుతుంది. కొలిమిగుండ్ల దగ్గరి బెలుం గుహలకు వెళ్లినవాళ్లు పైకప్పు నుంచి వేలాడే రాతి ఊడలు చూసే ఉంటారు. అదీ ఈ సున్నమే. అక్కడ నీళ్లు కాచేవాళ్లు లేరు కాబట్టి వేల ఏళ్లు పట్టింది. మీ ఇంట్లో ఒక పండగ సీజను సరిపోయింది.

పౌడర్ పెంచితే పొర ఎందుకు పెరిగిందంటారా? ఆ పౌడర్లో వాషింగ్ సోడా ఉంటుంది. సున్నం ఎక్కువున్న నీళ్లలో సోడా పడితే సున్నం ఇంకా జోరుగా విరిగి తెల్లగా పేరుకుంటుంది. అంటే మీరు అదనంగా వేసిన చెంచాడు పౌడర్ గిన్నెల్ని కడగలేదు, వాటి మీద కూర్చుంది. ఒకప్పటి పౌడర్లలో ఫాస్ఫేట్లు దండిగా ఉండేవి, అవి సున్నాన్ని పట్టి ఉంచి పొర కట్టనిచ్చేవి కాదు. చెరువుల్లో, నదుల్లో నాచు పెరుగుతోందని వాటిని చాలా దేశాల్లో తగ్గించారు. యూరప్‌లో డిష్‌వాషర్ పౌడర్లకు 2017 జనవరి నుంచి పరిమితి ఉంది. ‘పాత పౌడరే బాగుండేది’ అని విదేశాల్లో ఉన్న మీ చుట్టాలు ఎవరైనా అంటే అది ఉత్త మాట కాదు. కానీ ఇక ఆ పౌడర్ రాదు కాబట్టి నీళ్ల సంగతి నీళ్ల దగ్గరే తేల్చుకోవాలి.

దానికి మిషన్లోనే ఏర్పాటు ఉంది. కింది బుట్ట బయటికి లాగి అడుగున చూడండి, తిప్పి తీసే పెద్ద మూత ఒకటి కనిపిస్తుంది. అది ఉప్పు గూడు. కొన్ని చవక మోడళ్లకు, బల్ల మీద పెట్టుకునే చిన్న మిషన్లకు ఇది ఉండకపోవచ్చు. కొనబోయేవాళ్లు షాపులోనే తలుపు తీయించి ఈ మూత ఉందో లేదో చూసుకోండి. మన జిల్లాల్లో అది లేని మిషన్ కొనడం దండగ అని నా గట్టి అభిప్రాయం.

ఆ గూడు పక్కనే, మనకు కనపడకుండా, ఆవగింజల కంటే సన్నటి రెసిన్ పూసలు ఉంటాయి. మిషన్లోకి వచ్చే నీళ్లు ముందు వాటి గుండా పోతాయి. పూసలు నీళ్లలోని కాల్షియాన్ని, మెగ్నీషియాన్ని పట్టుకుని బదులుగా సోడియాన్ని వదులుతాయి. సోడియం వేడికి రాయి కట్టదు. కొన్ని వాష్‌లయ్యాక పూసల్లో సోడియం అయిపోతుంది. అప్పుడు మిషన్ ఉప్పు గూట్లోంచి కాస్త ఉప్పునీరు తీసి వాటి మీద పారించి, పట్టుకున్న కాల్షియాన్ని డ్రైనేజీలోకి తోసేసి, పూసల్ని మళ్లీ సిద్ధం చేసుకుంటుంది. గిన్నెలకు ఉప్పు అంటుతుందేమోనని చాలామంది రాశారు. అంటదు. ఉప్పునీటి దారి వేరు, గిన్నెల దారి వేరు.

మీకు మొదట్లో బాగా వచ్చి తర్వాత పాడైందన్నారు చూడండి, అసలు ఆనవాలు అదే. బిగించడానికి వచ్చిన అబ్బాయి మిషన్‌తో పాటు వచ్చిన ఉప్పు ప్యాకెట్ పోసి వెళ్లి ఉంటాడు. అది అయిపోయింది. మీరు మళ్లీ పోయలేదు, ఎందుకంటే షాపులో అక్కర్లేదన్నారు.

ఆ టాబ్లెట్ మాట పూర్తిగా అబద్ధం కాదు, మన ఊళ్లకు చెల్లదు, అంతే. ఆల్ ఇన్ వన్ టాబ్లెట్‌లో నీళ్లను మెత్తబరిచే మందు కొంత ఉంటుంది. అది సుమారు 21 జర్మన్ డిగ్రీల కఠినత్వం (నీళ్లలో కరిగిన సున్నం, మెగ్నీషియం ఎంతో చెప్పే లెక్క) దాకా నెట్టుకొస్తుంది, ఆపైన ఉప్పు తప్పదని టాబ్లెట్ డబ్బాల మీద, మిషన్ పుస్తకాల్లో సన్న అక్షరాల్లో రాసే ఉంటుంది. ఈ జర్మన్ డిగ్రీ లెక్కకు భయపడొద్దు. మన ల్యాబ్ రిపోర్టుల్లో కఠినత్వాన్ని లీటరుకు ఇన్ని మిల్లీగ్రాములని రాస్తారు. దాన్ని 17.8తో భాగిస్తే జర్మన్ డిగ్రీలు వస్తాయి. 21 డిగ్రీలంటే దాదాపు 375 మిల్లీగ్రాములు. తాగునీటికి మన బీఐఎస్ (భారత ప్రమాణాల బ్యూరో) ప్రమాణం 200 దాకా ఉంటే మంచిదంటుంది, వేరే నీళ్లు దొరకని చోట 600 దాకా ఒప్పుకుంటుంది. సున్నపురాయి నేలల్లో బోరు నీళ్లు ఆ 600 గీత దాటడం వింత కాదు. నేను డిగ్రీ పిల్లల చేత కఠినత్వం ప్రాక్టికల్ చేయించేటప్పుడు ప్రొద్దుటూరు బోరు నీళ్లు తెప్పించేదాన్ని. బ్యూరెట్‌లో ఈడీటీఏ (సున్నాన్ని పట్టుకునే ద్రావణం) మొత్తం అయిపోయినా ఫ్లాస్కులో ఆ వైన్ ఎరుపు కదిలేది కాదు, అది నీలం తిరిగితేనే కొలత పూర్తయినట్టు. డిస్టిల్డ్ వాటర్ పోసి పలచన చేయించాక గానీ ఆఖరి చుక్కకు నీలం తిరిగేది కాదు.

కాబట్టి మీరు మొదట చేయాల్సింది నీళ్లు కొలిపించడం. జిల్లా కేంద్రంలో గ్రామీణ నీటి సరఫరా శాఖ వాళ్ల పరీక్షా కేంద్రం ఉంటుంది, ప్రైవేటు ల్యాబులూ ఉన్నాయి. శుభ్రమైన సీసాలో ఒక లీటరు పట్టుకెళ్లి ‘టోటల్ హార్డ్‌నెస్’ కావాలని అడగండి. అక్వేరియం షాపుల్లో కాగితపు పట్టీలు దొరుకుతాయి, రంగు చూసి సుమారుగా చెప్పుకోవచ్చు. రిపోర్టులో 540 వచ్చిందనుకోండి, 17.8తో భాగిస్తే 30. మిషన్‌తో వచ్చిన పుస్తకంలో కఠినత్వం పట్టిక ఉంటుంది, 30కి ఎదురుగా ఏ అంకె ఉందో చూసి మిషన్లో అది పెట్టాలి. చాలా మిషన్లను ఫ్యాక్టరీలో ఏదో మధ్య అంకె మీద పెట్టి పంపుతారు. దాన్ని ఎవరూ మార్చరు. ఉప్పు నిండుగా ఉన్నా గిన్నెలు తెల్లబడుతున్నాయని రాసిన వాళ్లందరికీ నా జవాబు ఇదే. ఆ అంకె తక్కువుంటే పూసలు అలసిపోయాక కూడా మిషన్ వాటికి ఉప్పునీరు పెట్టదు.

ఉప్పు పోసేటప్పుడు రెండు జాగ్రత్తలు. కొత్త మిషన్‌కు మొదటిసారి మాత్రం గూట్లో ముందు నీళ్లు నింపాలి, దాదాపు లీటరు పడతాయి, తర్వాతే ఉప్పు. మీ దాంట్లో నీళ్లు ఉండే ఉంటాయి, ఉప్పు పోస్తే చాలు. పోస్తున్నప్పుడు ఉప్పునీరు పొంగి బయటికొస్తుంది, అది మామూలే. కానీ అట్లా పొంగిన నీళ్లు స్టీలు మీద నిలిచిపోతే తుప్పు చుక్కలు పడతాయి. అందుకని ఉప్పు పోసిన వెంటనే ఒక వాష్ నడపండి, రాత్రికి నడుపుదాంలే అని వదిలేయొద్దు. పొరపాటున కూడా ఆ గూట్లో పౌడర్ పోయకండి, పూసలు పనికిరాకుండా పోతాయి.

ఇప్పటికే పట్టిన పొర సంగతి. కిరాణా కొట్లో నిమ్మ ఉప్పు అడగండి, పులుపు కోసం వాడే తెల్లటి పలుకులు. ఒక చిన్న టీ గ్లాసు నిండా తీసుకుని మిషన్ అడుగున పోసి, తెల్లబడిన స్టీలు, గాజు సామాను లోపలే సర్ది, పౌడర్ వేయకుండా బాగా వేడి ప్రోగ్రాం నడపండి. పౌడర్ వేస్తే దాంట్లోని సోడా, ఈ పులుపు ఒకదాన్నొకటి చంపుకుని మీకు ఏమీ మిగలదు. బ్లీచింగ్ ఉన్న క్లీనర్లేవీ దాంతో కలపొద్దు, విష వాయువు వస్తుంది. తర్వాత కింద ఫిల్టర్ విప్పి కడగండి. నీళ్లు చిమ్మే రెక్కల్ని బయటికి తీసి వెలుతురుకు పట్టి చూడండి, చిల్లుల్లో గార కట్టి ఉంటే పుల్లతో పొడిచి తీయండి. మూసుకున్న ఒక్కో చిల్లు వల్ల ఒక్కో ప్లేటు మురికిగా వస్తుంది, నింద మాత్రం పౌడర్ మీద పడుతుంది.

ఇక రిన్స్ ఎయిడ్. తలుపు లోపలి వైపు పౌడర్ డబ్బా పక్కన చిన్న మూత ఉంటుంది కదా, అక్కడ పోసే నీలం నీళ్లు. అది వేస్తే నీళ్లు గిన్నె మీద బొట్లుగా నిలబడకుండా పలచగా జారిపోతాయి. బొట్టు నిలబడితేనే మచ్చ. మచ్చలుంటే దాని అంకె ఒకటి పెంచండి, గ్లాసులు జిడ్డుగా, నీలం చారలతో వస్తుంటే ఒకటి తగ్గించండి. అత్తగారికి చెప్పేదేమీ లేదమ్మా, ఉప్పు పోసిన మర్నాడు ఒక గ్లాసు ఆమె చేతికివ్వండి.

ప్రశ్న: అక్కా, మాది అనంతపురం, బోరు చానా లోతు. టీడీఎస్ మీటర్ పెడితే 1200 చూపిస్తుంది. ఇంటి మొత్తానికి వాటర్ సాఫ్టెనర్ పెట్టించినాం. పెట్టించినాక కూడా మీటర్లో అదే 1200! మోసపోయినామా? డిష్‌వాషర్లో మళ్లీ వేరే ఉప్పు పోయాల్నా? పోయాలంటే అంగట్లో దొరికే కల్లుప్పు చాలదా, ఆ డిష్‌వాషర్ ఉప్పు మరీ రేటు.
– ఒక పాఠకుడు, అనంతపురం

జవాబు: మోసపోలేదు నాయనా, మీటరే తప్పు ప్రశ్నకు జవాబు చెబుతోంది. టీడీఎస్ మీటర్ నీళ్లలో కరెంటు ఎంత పారుతుందో చూసి, కరిగిన లవణాలన్నీ కలిపి ఒక అంకె చూపిస్తుంది. అందులో ఎంత కాల్షియం, ఎంత సోడియం అన్నది దానికి తెలియదు. సాఫ్టెనర్ చేసేది మార్పిడి. ఒక కాల్షియం తీసుకుని రెండు సోడియాలు ఇస్తుంది. సరుకు మారింది, మొత్తం మారలేదు. అందుకే 1200 అట్లాగే ఉంది.

సాఫ్టెనర్ పని చేస్తోందో లేదో తెలియాలంటే సబ్బు చాలు. మామూలు ఒంటి సబ్బు కాస్త తురిమి వాన నీళ్లలోనో ఆర్వో నీళ్లలోనో కరిగించుకో. రెండు చిన్న సీసాలు తీసుకో, ఒకదాంట్లో సాఫ్టెనర్ ముందరి నీళ్లు, ఇంకోదాంట్లో తర్వాతి నీళ్లు సగం దాకా పట్టు. రెంటిలోనూ అయిదారు చుక్కల సబ్బు నీళ్లు వేసి గట్టిగా కుదుపు. ముందరి నీళ్లలో నురగ రాకుండా పెరుగు విరిగినట్టు తెల్ల ముక్కలు తేలుతాయి. తర్వాతి నీళ్లు తేటగా ఉండి పైన నురగ నిలవాలి. నిలిచిందా, నీ సాఫ్టెనర్ బంగారం. గిన్నెలు తోమే లిక్విడ్‌తో ఈ పరీక్ష చేయొద్దు, అది ఎట్లాంటి నీళ్లలోనైనా నురగ ఇస్తుంది. సాఫ్టెనర్ ఉప్పు మార్చే ముందు రోజు కూడా ఒకసారి కుదిపి చూడు. ఆ రోజు నురగ రాకపోతే సాఫ్టెనర్‌కు ఉప్పు ఆలస్యంగా పెడుతున్నారని అర్థం.

ఇంటి సాఫ్టెనర్ బాగా పని చేస్తుంటే డిష్‌వాషర్లో కఠినత్వం అంకె సున్నాకి దించెయ్. ఇక దాంట్లో ఉప్పు పోసే పని లేదు. ఉప్పు లైటు వెలిగితే వెలగనీ, చాలా మిషన్లలో సున్నా పెడితే ఆ లైటే ఆరిపోతుంది.

అయినా గిన్నెల మీద సన్న మచ్చలు కనిపిస్తాయి, ముందే చెబుతున్నా. 1200 లవణాలున్న నీళ్ల బొట్టు ఎండితే ఏదో ఒకటి మిగలాలి కదా. కాకపోతే ఇవి సోడియం లవణాలు, తడిగుడ్డతో ఒక్కసారి తుడిస్తే పోతాయి, గార కట్టవు. రిన్స్ ఎయిడ్ కాస్త ఎక్కువ పెట్టుకో. వాష్ అయిపోగానే తలుపు జానెడు తెరిచి పెడితే ఆవిరి బయటికి పోయి బొట్లు తగ్గుతాయి.

మున్సిపల్ కొళాయి ఉంటే ఇంకో దారి ఉంది. అనంతపురానికి వచ్చే తాగునీళ్లు పీఏబీఆర్ (పెన్నహోబిలం బ్యాలెన్సింగ్ రిజర్వాయర్) నుంచి వచ్చే తుంగభద్ర నీళ్లు, బోరు నీళ్లంత కఠినం కావు. సాఫ్టెనర్ లేనివాళ్లు కూడా కొళాయి నీళ్లు వచ్చిన రోజు ట్యాంకులో సగం అవి పట్టుకుంటే లెక్క చాలా మారుతుంది. బోరు 900, కొళాయి 150 అనుకుంటే సగం సగం కలిపితే 525. డిష్‌వాషర్ల సొంత సాఫ్టెనర్ సాధారణంగా 50 జర్మన్ డిగ్రీల దాకా, అంటే 890 దాకా మోయగలదు. 900 దాని చేతిలో లేదు, 525 ఉంది.

కల్లుప్పు మాత్రం వద్దు. వానాకాలంలో జాడీలో అది చెమ్మగిల్లుతుంది చూడు, దానికి కారణం అందులోని మెగ్నీషియం క్లోరైడ్. మనం పూసల నుంచి వదిలించాలనుకునే మెగ్నీషియాన్నే మళ్లీ తెచ్చి పోసినట్టవుతుంది. పైగా దాంట్లో ఇసుక, మట్టి ఉంటాయి, గూడు అడుగున పేరుకుంటాయి. సైంధవ లవణానిదీ అదే కథ. ప్యాకెట్ మెత్త ఉప్పు శుభ్రమైనదే గానీ పొడిగా ఉండి గూట్లో గడ్డకడుతుంది. డిష్‌వాషర్ ఉప్పు ప్రత్యేకత రెండే, శుభ్రత, పెద్ద పలుకు. రేటు ఎక్కువన్న మాట నిజం. కానీ పూసలు పాడైతే ఆ భాగం మార్చడానికయ్యే ఖర్చుతో ఎన్నో ప్యాకెట్లు వస్తాయి.

ప్రశ్న: కర్నూలులో మా ఇంట్లో మున్సిపల్ నీళ్లే. మిషన్ పెట్టేటప్పుడు ‘రాయలసీమ నీళ్లు కదా’ అని మెకానిక్ కఠినత్వాన్ని చివరి అంకె మీద పెట్టాడు. ఉప్పు ఎప్పుడూ నిండుగానే ఉంటుంది. అయినా మా పెళ్లికి వచ్చిన గాజు గ్లాసుల సెట్టు మసకబారిపోయింది. నిమ్మ ఉప్పులో నానబెట్టినా పోలేదు. వంచి చూస్తే ఇంద్రధనస్సు రంగులు కనిపిస్తున్నాయి.
– కర్నూలు నుంచి ఒక పాఠకురాలు

జవాబు: అది పొర కాదమ్మా, గాజే అరిగింది. నిమ్మ ఉప్పుకు పోయేది సున్నం, పోనిది అరుగుదల. పోల్చుకోవడానికి ఇంతకంటే మంచి పరీక్ష లేదు. నీళ్లు మరీ మెత్తగా ఉండి, పౌడర్ ఎక్కువై, వేడి కూడా ఎక్కువైతే ఆ క్షార ద్రావణం గాజు పైపొరను కొంచెం కొంచెం తినేస్తుంది. ఆ రంగులు దాని గుర్తు. మళ్లీ మామూలు కాదు, బాధగా ఉన్నా చెప్పక తప్పదు.

మీ నీళ్లు తుంగభద్రవి, సుంకేసుల వైపు నుంచి వచ్చేవి. ఎర్రగుంట్ల బోరుకు పెట్టే అంకె మీకు పెడితే ఎట్లా? ‘రాయలసీమ నీళ్లు’ అని ఒకే రకం నీళ్లు ఎక్కడా లేవు. కొలిపించి అంకె దించండి, పౌడర్ సగానికి తగ్గించండి. మిగిలిన గ్లాసుల్ని గాజు సామానుకు ఉండే తక్కువ వేడి ప్రోగ్రాంలో వేయండి. వేసవిలో ట్యాంకర్ తెప్పించుకునే ఇళ్లలో మాత్రం ఆ రోజులకు అంకె మళ్లీ పెంచుకోవాలి, ట్యాంకర్ నీళ్లు ఎక్కువగా ఏదో ఒక బోరువే.

ప్రశ్న: గిన్నెల మీద గార పోవాలని వెనిగర్ పోసి వంటగది గట్టు మీదే నానబెట్టాను. మాది నల్ల కడప బండ. గిన్నెలు బాగయ్యాయి గానీ బండ మీద గుండ్రంగా తెల్లటి మచ్చలు పడ్డాయి. ఎంత తుడిచినా పోవడం లేదు.
– కడప నుంచి ఒక పాఠకురాలు

జవాబు: కడప బండ నల్లగా ఉన్నా అది సున్నపురాయే. గిన్నె మీది సున్నాన్ని తినే పులుపు దాని కింద ఉన్న సున్నాన్ని వదలదు. తాడిపత్రి, బేతంచెర్ల బండలకూ ఇదే వర్తిస్తుంది. గ్రానైట్ అయితే ఇంత సులువుగా లొంగదు. మీరు చూస్తున్నది మరక కాదు, పాలిష్ పోయిన చోటు, కాబట్టి ఎంత తుడిచినా రాదు. బండలకు పాలిష్ పట్టేవాళ్లను పిలిపిస్తే అంతవరకు మళ్లీ పట్టిస్తారు. అప్పటిదాకా కనపడకుండా ఉండాలంటే గుడ్డకు కాస్త నూనె అద్ది రుద్దండి. ఇకమీదట నానబెట్టే పని స్టీలు సింకులోనో ప్లాస్టిక్ టబ్బులోనో పెట్టుకోండి. నిమ్మకాయ కోసిన చెక్క కూడా ఆ గట్టు మీద వదలొద్దు.

ప్రశ్న: ఆర్వో మిషన్ నుంచి వృథాగా పోయే నీళ్లను డ్రమ్ములో పట్టి డిష్‌వాషర్‌కు ఇవ్వొచ్చా? నీళ్లు పారబోయాలంటే మనసొప్పడం లేదు.
– తాడిపత్రి నుంచి ఒక పాఠకుడు

జవాబు: మీ మనసు మంచిదే, కానీ వద్దు. ఆర్వో శుభ్రమైన నీళ్లు మీకిచ్చి, సున్నం మొత్తం ఆ పారబోసే నీళ్లలోకి తోస్తుంది. అవి మీ బోరు నీళ్ల కంటే కఠినం. వాకిలి కడగడానికి, బాత్రూముకు వాడండి.

ప్రశ్న: ప్లేట్లు, గ్లాసులు బాగానే వస్తున్నాయి. సంగటి గిన్నె, అన్నం గిన్నె మాత్రం లోపల తెల్లగా, గరుగ్గా వస్తున్నాయి. ఉప్పు ఉంది, అంకె సరిగ్గానే ఉంది. అరగంట ప్రోగ్రాం పెడతాం. ఇది కూడా గారేనా?
– గుంతకల్లు నుంచి ఒక పాఠకురాలు

జవాబు: గార అయితే ప్లేట్లను వదిలి సంగటి గిన్నెనే ఎందుకు పట్టుకుంటుంది? మీకు అనుమానంగా ఉంటే దెబ్బలకు పూసే అయోడిన్ మందు ఒక చుక్క నీళ్లలో కలిపి ఆ గరుకు చోట వేయండి. నీలి నలుపు తిరిగిందంటే అది గంజి. నా క్లాసులో పిల్లలకు బాగా నచ్చిన పరీక్ష ఇది, పెన్ను మూతల దగ్గర్నుంచి అన్నిటి మీదా వేసి చూసేవాళ్లు. చూశాక గిన్నె మళ్లీ కడగండి.

గంజిని కరిగించేది పౌడర్లో ఉండే ఎంజైములు. వాటికి గోరువెచ్చటి నీళ్లు కావాలి, టైము కావాలి. అరగంట ప్రోగ్రాంలో అవి పని మొదలుపెట్టేసరికి నీళ్లు పోతాయి. కాఫీ గ్లాసులకు ఆ ప్రోగ్రాం సరిపోతుంది, సంగటికి చాలదు. గిన్నె ఖాళీ అవగానే అడుగున అతుక్కున్నది గరిటెతో గీకేసి చల్లనీళ్లు పోసి ఉంచండి, ఎండనివ్వొద్దు. మిషన్లో పెట్టేటప్పుడు ఏటవాలుగా, నోరు కిందికి వచ్చేట్టు పెట్టండి. మన వైపు గిన్నెలు లోతు ఎక్కువ, ఆ బుట్టలు చేసినవాళ్లు ప్లేట్లనే దృష్టిలో పెట్టుకున్నారు. ఒకదాంట్లో ఒకటి దూర్చితే లోపలి దానికి నీళ్లే తగలవు. పొడుగు ప్రోగ్రాంకు కరెంటు ఎక్కువవుతుందని భయపడకండి, ఎక్కువ ఖర్చు నీళ్లు కాచడానికే. ఎకో ప్రోగ్రాం గంటల తరబడి నడిచినా తక్కువ వేడి మీద నడుస్తుంది.

ప్రశ్న: ఆ తెల్ల పొర ఉన్న ప్లేట్లలో తింటే పిల్లలకు ప్రమాదమా? మా ఊరి నీళ్లలో ఫ్లోరైడ్ ఉందంటారు.
– కదిరి నుంచి ఒక తల్లి

జవాబు: పొర ఎక్కువగా కాల్షియం కార్బొనేటే, దానివల్ల పిల్లలకు ఏమీ కాదు. ఫ్లోరైడ్ వేరే సంగతి, అది తాగే నీళ్లలో చూసుకోవాల్సింది. లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు ఉంటే మంచిది, 1.5 దాటకూడదు. ఒక్కటి గుర్తుంచుకోండి, నీళ్లు మరిగిస్తే ఫ్లోరైడ్ పోదు, సాఫ్టెనర్ పెట్టినా పోదు. గార తగ్గింది కదా, నీళ్లు బాగైపోయాయి అనుకుని ఆ నీళ్లే పిల్లలకు తాగించొద్దు. తాగే నీళ్లకు ఆర్వో ఉంచుకోండి.

ప్రశ్న: ప్రెషర్ కుక్కర్ డిష్‌వాషర్లో వేస్తే బయటా లోపలా నల్లగా అయిపోయింది. ఇదీ నీళ్ల వల్లేనా?
– ఆదోని నుంచి ఒక పాఠకుడు

జవాబు: నీళ్లది తప్పేమీ లేదు. మీది అల్యూమినియం కుక్కర్. డిష్‌వాషర్ పౌడర్లోని క్షారానికి అల్యూమినియం నల్లబడుతుంది. చింతపండు పులుసు పోసి కాసేపు మరిగిస్తే లోపలి నలుపు చాలావరకు వదులుతుంది. ఇకమీదట అల్యూమినియం, ఇనప పెనం, నాన్‌స్టిక్, ఇత్తడి, రాగి, చెక్క గరిటెలు చేత్తోనే కడగండి. స్టీలు కుక్కరైతే మిషన్లో వేసుకోవచ్చు, గాస్కెట్, విజిల్ మాత్రం ముందే తీసి పక్కన పెట్టండి.